బిగింపు కూలి దగ్గర గీత

ఇలా దగ్గరికి జరుగు. ఆ దిండు వీపుకి పెట్టుకుని చెవి ఇటు పడెయ్. కంప్యూటరు కోసం ధర కాగితం రాయించుకున్నావటగా. అది న్యాయమైన ధరో కాదో తెలిసేదెలా అని ఊరందరినీ అడుగుతున్నావటగా. నాకు కంప్యూటరుకి ముందేదో వెనకేదో తెలియదు. కానీ అలాంటి కాగితం ఒకటి ఒక అక్కనీ తమ్ముణ్ణీ ఏం చేసిందో తెలుసు. నాకు తెలిసింది అదే, అదే చెబుతాను.

అక్క టైలరమ్మ. సందు మలుపులో మందుల షాపు పక్కన, మంచం వేస్తే నిండిపోయేంత గది ఆమెది. అందులోనే రెండు మిషన్లు, ఒక కత్తిరింపు బల్ల, మేకుకి వేలాడే కొలతల టేపు. మొగుడు లారీ డ్రైవరు, నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే. పిల్లల బట్టలు కుట్టడంలో ఆ చుట్టుపక్కల ఆమె తర్వాతే ఎవరైనా. ఆమె కుట్టిన గౌను తిరగేసి చూస్తే నడుం దగ్గరా, చంకల కిందా, అంచు దగ్గరా రెండేసి అంగుళాల గుడ్డ లోపలికి మడిచి ఉండేది. పిల్ల ఎదిగేకొద్దీ కుట్టు విప్పి వదులు చేసుకోవచ్చు. ఒక్క గౌను మూడేళ్లు వచ్చేది.

ఒకసారి ఒకావిడ రెడీమేడ్ గౌను పట్టుకొచ్చి, "ఇది నీ ధరలో సగానికే వచ్చింది చూడు" అంది. టైలరమ్మ నోట్లో ఉన్న గుండుసూదులు తీసి బల్ల మీద పెట్టి, ఆ గౌనుని లోపలి వైపుకి తిప్పింది.

"లోపల ఏముందో చూడండమ్మా. ఏమీ లేదు. పాప ఆరు నెలలు పెరిగిందంటే ఇది మసిగుడ్డ. ధర పైన కనబడదండీ, లోపల ఉంటుంది."

ఆవిడ మూతి ముడుచుకుని వెళ్లిపోయింది. మర్నాడు గుడ్డ పట్టుకుని తిరిగొచ్చింది. ఆ మాట గుర్తుపెట్టుకో, మళ్లీ దానితో పని పడుతుంది.

తమ్ముడు ఆమెకంటే తొమ్మిదేళ్లు చిన్న. తల్లి తొందరగా పోవడంతో వాణ్ణి చంకనేసుకుని తిరిగింది ఆమే. వాడి మొదటి బడి చొక్కా కుట్టింది కూడా ఆమే. ఏడాదికో మడత విప్పేది. విప్పిన చోట గుడ్డ వెలిసిపోకుండా కొత్తగా ఉండేది కదా, చొక్కా మీద ముదురు చార పడేది. తోటి పిల్లలు చారలోడా అని ఏడిపించేవాళ్లు. వాడు ఏడ్చేవాడు కాదు. "మా అక్క ముందే చూసి కుట్టింది, మీ వాళ్లకి చేతనవునా" అనేవాడు.

పెద్దయ్యాక వాడు కంప్యూటర్లు బిగించే పనిలో పడ్డాడు. జిరాక్స్ షాపు పైన ఒక గది తీసుకున్నాడు. ఎవరికి ఏ పని ఉందో అడిగి తెలుసుకుని, దానికి తగ్గ భాగాలు ఒక్కొక్కటీ ఏరి తెచ్చి బిగించి ఇచ్చేవాడు. ఏడాదికోసారి చొక్కా గుడ్డ చంకలో పెట్టుకుని అక్క దగ్గరికి వచ్చేవాడు. ఇంకో టైలరు టేపు వాడి భుజం మీద పడనే లేదు.

"నలభై దగ్గర పడ్డావు. ఇంకా ఎదుగుతావా ఏంట్రా" అంటూనే ఆమె రెండంగుళాలు లోపలికి వదిలేది.

"నేను ఎదగకపోయినా పొట్ట ఎదుగుతుందిగా అక్కా" అనేవాడు వాడు.

ఇలా ఉండగా టైలరమ్మ కూతురు ఇళ్ల నమూనాలు గీసే చదువులో చేరింది. ఆ చదువుకి కంప్యూటరు లేనిదే కాదన్నారు. టైలరమ్మ తమ్ముడికి కబురు పెట్టింది. వాడు మేనకోడల్ని కూర్చోబెట్టుకుని ఏం గీస్తారు, ఎంత పెద్దవి గీస్తారు, ఆఖరి ఏడాదికి ఏం చేయిస్తారు అని గంటసేపు అడిగాడు. మూడో రోజుకి కాగితం రాసి పంపాడు. ప్రాసెసరు, బోర్డు, మెమరీ, డిస్కు, కరెంటు సరఫరా చేసే పెట్టె, కేబినెట్, తెర, ఒక్కోదాని ఎదురుగా ధర. అన్నిటికన్నా కింద 'బిగింపు కూలి' అని రాసి, దాని ఎదురుగా అంకె లేదు, ఒక గీత. మొత్తం అరవై రెండు వేలు.

టైలరమ్మ కళ్లు అరవై రెండు వేల మీద కాదు, ఆ గీత మీద ఆగిపోయాయి. ఎందుకంటే ఆమె షాపుకి ఎదురుగా ఒక బట్టల కొట్టు ఉండేది. దాని మీద 'కుట్టుకూలి లేదు' అని ఇంత పొడుగు బోర్డు. ఆ కూలంతా మీటరు ధరలో కలిపేవాళ్లని ఆమెకి తెలుసు. ఇరవై ఏళ్లుగా ఆ బోర్డు ఆమె గిరాకీని తింటూనే ఉంది. కూలి వద్దన్నవాడు ఎక్కడో కలిపే ఉంటాడు. ఇదీ ఆమె లెక్క. నోరు తెరిచి తమ్ముణ్ణి అడిగితే సరిపోయేది. అడగలేదు. కూతుర్ని వెంటేసుకుని, కాగితం పట్టుకుని, పెద్ద రోడ్డులో అద్దాల తలుపులున్న కంప్యూటర్ల షాపుకి వెళ్లింది.

అక్కడి సేల్స్ కుర్రాడు కాగితం మీద వేలు పెట్టి చదివాడు. "ప్రాసెసరు ఇదే ఇస్తాం మేడమ్. మెమరీ ఇంతే. డిస్కు ఇదే. తెర ఇదే. మొత్తం యాభై మూడు వేలు. బ్యాగు ఫ్రీ."

"అవే వస్తువులేనా?"

"అవే మేడమ్. పాపకి ఇప్పుడున్న పనికి ఇది ఎక్కువే."

కూతురికి తెలిసిన పేర్లన్నీ కలిశాయి. బోర్డు, కరెంటు పెట్టె, కేబినెట్ మాత్రం చిన్నవి, నాలుగు వందల వాట్లు చాలన్నాడు కుర్రాడు. ఎందుకు చాలో ఎవరడుగుతారు. తేడా తొమ్మిది వేలు. తొమ్మిది వేలంటే ఎన్ని గౌన్లో ఆమె దారి పొడుగునా లెక్కేసుకుంది. లెక్క పెరిగేకొద్దీ కోపమూ పెరిగింది.

ఇంటికి పోకుండా నేరుగా జిరాక్స్ షాపు మెట్లెక్కింది. తమ్ముడి దగ్గర ఎవరో ఒకాయన ప్రింటరు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆమె ఆయన్ని చూసి కూడా ఆగలేదు.

"ఈ కరెంటు పెట్టె ఎందుకురా ఇంత పెద్దది? నాలుగు వందల వాట్లు సరిపోతాయట. నువ్వు ఆరు వందల యాభై రాశావు."

"ఉండనీ అక్కా. పిల్ల చదువు పెరుగుతుంది కదా."

"పెరిగినప్పుడు చూసుకుంటాం. ఈ బోర్డేంటి, ఇంత ధర? ఈ కేబినెట్ మనిషి దూరేంత ఎందుకు?"

"అక్కా, కూర్చో. చెబుతాను."

"కూర్చోవడానికి రాలేదు. గుడ్డ కత్తిరించి నిన్ను పెంచాను. నువ్వు నా జేబు కత్తిరించడం నేర్చుకున్నావు."

ప్రింటరాయన నవ్వాడు. నవ్వకపోతే ఏమయ్యేదో, ఆ నవ్వే పని చెడగొట్టింది. తమ్ముడి మొహం వాడిపోయింది. బల్ల మీద పడ్డ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఆమె చేతికిచ్చాడు.

"ఇది నీ దగ్గరే ఉంచు అక్కా. మంచి ధర వచ్చిన చోటే తీసుకో."

ఆమె అద్దాల షాపులోనే తీసుకుంది. ఆ ఏడాది తమ్ముడు చొక్కా గుడ్డ తేలేదు. పై ఏడాదీ తేలేదు. ఆమెకి తెలియక కాదు. మిషను తొక్కుతూ ఎన్నోసార్లు వీధివైపు చూసింది. వాడే వస్తాడులే అని ఆమె, అక్కే పిలుస్తుందిలే అని వాడు. కత్తెర రెండు రేకులూ తెరుచుకుని ఉండిపోయినట్టు ఉండిపోయారు.

మూడో ఏడు మొదట్లో మరదలు ఫోను చేసింది. "వదినా, ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. మాట కూడా రావడం లేదు." టైలరమ్మ పరుగున ఆసుపత్రికి వెళ్లింది. తలుపు దగ్గర నిలబడి చూసింది. వాడు నిద్రపోతున్నాడు. లేపితే ముందు ఏం మాట్లాడాలో తోచలేదు. కోలుకున్నాక తీరిగ్గా మాట్లాడదాంలే అనుకుని, పళ్ల సంచి మరదలి చేతికిచ్చి వచ్చేసింది. మనుషులు చేసే పొరపాట్లలో ఇది చాలా పాతది. మళ్లీ మళ్లీ చేస్తూనే ఉంటారు.

మూడు నెలలు గడిచాయి. కూతురికి ఆఖరి ఏడాది నమూనా వచ్చి పడింది. పన్నెండు అంతస్తుల ఆసుపత్రి. లోపల నడిచి చూస్తున్నట్టు, నీడా వెలుతురూ అన్నీ కంప్యూటరులో కదలాలి. అది తెరిస్తే చాలు, యంత్రం పొగచూరిన పొయ్యిలా మూలిగి ఆగిపోయేది. బొమ్మల కోసం వేరే కార్డు వేయాలన్నారు. తల్లీకూతుళ్లు అద్దాల షాపుకి మోసుకెళ్లారు. పాత కుర్రాడు మానేశాడట, ఒక పెద్దవయసు మెకానిక్కు పెట్టె విప్పాడు.

"కార్డు పడదమ్మా. కేబినెట్ పొట్టిది. పడినా ఈ కరెంటు పెట్టె దాన్ని మోయలేదు. మెమరీ పెంచుదామన్నా బోర్డులో ఖాళీ గాడి లేదు. మూడూ మార్చాలి, దాని మీద కార్డు."

"మరి అప్పుడే పెద్దవి వేసి ఉంటే?" అంది కూతురు.

"అప్పుడే వేసి ఉంటే కార్డొక్కటి గుచ్చి పంపేవాణ్ణి."

కూతురు తల్లివైపు చూడకుండా సంచిలోంచి ఒక కాగితం తీసింది. నాలుగు మడతల కాగితం. టైలరమ్మ దాన్ని గౌన్ల నమూనా కాగితాల పెట్టెలో పడేసి మరిచిపోయింది, పిల్ల వెతికి తెచ్చుకుంది. మెకానిక్కు కళ్లజోడు ముక్కు మీదకి లాక్కుని పైనుంచి కిందకి చదివాడు.

"ఇది రాసినాయన ఎవరమ్మా?"

"మా మావయ్య."

"ఆఖరి ఏడాది దాకా చూసి రాశాడు. కార్డుకి చోటు వదిలాడు, మెమరీకి రెండు ఖాళీ గాడులు వదిలాడు. ఈ ధరలకి అప్పట్లో మాకే సరుకు వచ్చేది కాదు. ఇందులో ఆయనకి మిగిలిందేమీ లేదు." కాగితం చివరికి వచ్చి ఆగాడు. "కూలి కూడా గీత పెట్టేశాడే."

టైలరమ్మ ఆ కాగితం తన చేతిలోకి తీసుకుంది. లోపలి వైపుకి తిప్పి చూడండమ్మా అని ఊరందరికీ చెప్పింది. చేతిలో ఉన్న కాగితాన్ని మాత్రం తిప్పి చూడలేదు. వాడు చేసింది ఏమిటి, ఆమె వాడికి బడి చొక్కాల్లో నేర్పిందే కదా.

ఆ సాయంత్రమే తమ్ముడి ఇంటికి వెళ్లింది. కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కుడి చెయ్యి ఒళ్లో దిండు మీద, ఎవరో మరిచిపోయి వెళ్లిన వస్తువులా పడి ఉంది. ఒంటి మీద ఆమె కుట్టిన ఆఖరి చొక్కా. పొట్ట ఎదుగుతుందన్నవాడు సగమయ్యాడు, భుజం కుట్టు మోచేతి దాకా జారింది.

ఆమె కాగితం విప్పి వాడి ముందు పెట్టింది. "ఒరేయ్, ఈ ధర న్యాయమైనదేరా" అంది. ఇంకా చాలా అనుకుని వచ్చింది గానీ, ఆ ఒక్కటే వచ్చింది.

వాడి పెదవులు ఒక పక్కకే కదిలాయి. మాట గొంతుదాకా వచ్చి అక్కడే కూర్చుండిపోయింది. మరదలు తువ్వాలుతో వాడి నోరు తుడిచి, "వదినా, మీ పేరెత్తితే చాలు ఇలా అయిపోతారు. ఇంకో చొక్కా తొడగనివ్వరు, ఇదే ఉతికి తొడగాలి" అంది.

తర్వాత ఆదివారం పొద్దున్నే తల్లీకూతుళ్లు పాత యంత్రం, కొత్త భాగాలు అన్నీ తెచ్చి వాడి ముందు చాప మీద పరిచారు. వాడి స్క్రూడ్రైవర్లు రేకు డబ్బాలో అలాగే ఉన్నాయి. మేనకోడలు ఒక్కొక్కటీ ఎత్తి చూపించేది. "మావయ్యా, ఇదేనా?" ఎడమ వేలితో కుర్చీ చేతి మీద ఒకసారి కొడితే అవును, రెండుసార్లు కొడితే కాదు. వాడి చేతిలో గంటన్నర పని. వేలి దెబ్బలతో మధ్యాహ్నం మూడయింది. ఒకసారి పిల్ల స్క్రూ తిప్పలేక తడబడితే వాడు ముందుకు వంగాడు, కుడి చెయ్యి ఎత్తబోయాడు. అది లేవలేదు. పిల్ల ఆ స్క్రూనే మళ్లీ పట్టి తిప్పింది.

అంతసేపూ టైలరమ్మ గోడవారన కూర్చుని, మరదలు ఉతికి ఆరేసిన ఆ చొక్కా పట్టుకుంది. తిరగేసి చూస్తే పక్కల్లో రెండేసి అంగుళాలు అలాగే ఉన్నాయి, విప్పే పనే పడలేదు. వాడు పెరుగుతాడని వదిలిన గుడ్డ అది. ఆమె సూదిలో దారం ఎక్కించి, ఆ కుట్టుకి ఇంకా లోపలగా, ఇంకో కుట్టు వేయడం మొదలుపెట్టింది. ఇన్నేళ్లలో ఆమె వాడి చొక్కా బిగించడం అదే మొదలు. దారం రెండుసార్లు తెగింది.

తెర వెలిగింది. పన్నెండు అంతస్తుల ఆసుపత్రి నిలబడింది, తలుపులు తెరుచుకున్నాయి. వాడు చాలాసేపు చూశాడు.

"బిగింపు కూలి ఎంతరా?" అంది అక్క.

వాడు ఎడమ వేలు ఎత్తాడు. ఒకసారి కొట్టలేదు, రెండుసార్లూ కొట్టలేదు. కుర్చీ చేతి మీద ఈ చివరినుంచి ఆ చివరిదాకా మెల్లగా ఒక గీత గీశాడు.

ఆ తర్వాత వాడు ఇంకో యంత్రం బిగించలేదు. జిరాక్స్ షాపు పైన గది వేరేవాళ్లకి వెళ్లిపోయింది. ఆ అక్కకి మాత్రం ఎవరి కాగితం మీదయినా గీత కనబడితే ఈనాటికీ చెయ్యి ఆగిపోతుంది.

నీ కాగితం కూడా లోపలి వైపుకి తిప్పి చదువుకో. అర్థం కానిది ఉంటే రాసినవాడి పక్కన కూర్చుని అడుగు, పదిమందిలో కాదు. నేనెంతకాలం చెబుతానో తెలియదు. ఈ అక్కాతమ్ముళ్ల సంగతి నీ దగ్గర దాచుకో, ఎవరైనా ధర కాగితం పట్టుకుని నీ దగ్గరికొస్తే ముందు వాళ్లని కూర్చోబెట్టి ఇది చెప్పు. గీత దగ్గరికి వచ్చాక మాత్రం తొందరపడకు, మెల్లగా చెప్పు.