ఎడమవైపు స్టీరింగ్

దారి తప్పడమంటే ఏమిటో డ్రైవరుకి ఆ రోజు వరకూ తెలియదు. సొంత ఊళ్ళో ఇరవై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి. ఏ సందులో దూరితే ఎక్కడ తేలతామో జనం అతన్నే అడిగేవారు. అడక్కపోయినా చెప్పేవాడు, అదొక జబ్బు. అలాంటివాడు పరాయి దేశంలో విమానం దిగి, వచ్చిన బస్సెక్కి, దర్జాగా కూర్చుని, ఊరికి అవతలి కొసకు పోయాడు.

బావమరిది ముందే ఫోనులో చెప్పాడు. "బావా, బయటికొచ్చి ఊళ్ళోకెళ్ళే బస్సెక్కు. చివరి స్టాపు మా డిపోయే. డ్రైవరు ఉద్యోగానికి టెస్టు నువ్వు దిగిన రోజు మధ్యాహ్నమే. నువ్వు అందుకోకపోతే ఆ ఉద్యోగం ఇంకొకడికి పోతుంది." ఎత్తైన భవనాలు ఎటున్నాయో చూసుకుని, మన దగ్గర అటెళ్ళే బస్సు రోడ్డుకి ఏ పక్క ఆగుతుందో ఆ పక్కే నిలబడ్డాడు డ్రైవరు. ఈ దేశంలో బళ్ళు రోడ్డుకి కుడివైపున నడుస్తాయని అతనికి తెలియక కాదు. బుర్రకి తెలుసు. కాళ్ళకే ఇంకా తెలియలేదు.

భవనాలు వెనక్కి పోతుంటే, చుట్టు తిరిగి వెళ్తుందేమోలే అనుకున్నాడు. గోదాములొచ్చాయి. తర్వాత అవీ లేవు. చివరికి బస్సు ఆగింది, అందరూ దిగిపోయారు. దాన్ని నడిపేవాడు లేచొచ్చి ఏదో అడిగితే, డిపో చిరునామా రాసున్న కాగితం చూపించాడు. వాడు కాగితాన్నీ ఇతన్నీ మార్చి మార్చి చూసి, వచ్చిన దారివైపే చెయ్యి చూపించాడు. డ్రైవరుకి తల కొట్టేసినట్టయింది.

పడుతూ లేస్తూ డిపోకి చేరేసరికి, అక్కడ మెకానిక్కుగా పనిచేసే బావమరిది గేటు దగ్గర కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"ఎక్కడ చచ్చావు బావా? కాసేపు ఆగమని ఆవిడ కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను."

"ఊరు చూసొచ్చాన్లే," అన్నాడు డ్రైవరు. ఆ స్థితిలోనూ బింకం పోలేదు.

ఆవిడంటే టెస్టు పెట్టే అధికారిణి. నవ్వదు, కసరదు. తాళం చేతికిచ్చింది. ఆ డిపోలో టెస్టు బస్సు ఖాళీగా కదలదు. డ్యూటీ దిగినవాళ్ళు నలుగురైదుగురు ప్రయాణికుల్లా ఎక్కి కూర్చోవాలి, అదక్కడి పద్ధతి. బావమరిది ఎక్కాడు. బస్సులు కడిగే ముసలావిడ ఒకామె సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. డ్రైవరు అలవాటుగా కుడిపక్క తలుపులోంచి ఎక్కి, స్టీరింగు కనపడక బిక్కమొహం వేశాడు. అది ప్రయాణికుల తలుపు. సీటు ఎడమపక్కనుంది. వెళ్ళి కూర్చున్నాడు.

గేటు వరకూ బాగానే నడిచింది. బండి చెప్పినట్టు వింటుంటే, హమ్మయ్య అనుకున్నాడు. రోడ్డెక్కగానే అతని చేతులు వాటంతటవే బస్సుని ఎడమపక్కకి పట్టాయి. ఎదురుగా లారీ. అధికారిణి కేకేసింది, అతని కాలు బ్రేకు మీద పడింది.

వెనక్కి తిరిగి చూశాడు. ముసలావిడ నుదురు ముందు సీటు కమ్మీకి కొట్టుకుంది. ఆమె నుదురు రుద్దుకుంటూ, కిందపడ్డ సంచి తీసుకుంది. తిట్టినా బాగుండేది.

అధికారిణి చెప్పింది విని బావమరిది ముఖం వెలిగింది. "మొదటిరోజు కదా, ఫర్వాలేదంటోంది. మళ్ళీ నడిపి చూపించమంటోంది. పోనీ బావా."

డ్రైవరు ఇంజను ఆపేశాడు. "ఇవాళ నావల్ల కాదని చెప్పు."

"పిచ్చా నీకు? ఉన్న ఉద్యోగం వదులుకుని వచ్చావు. ఇది పోతే మళ్ళీ ఎప్పుడో ఏమో. ఇక్కడ నేను మాటిచ్చాను, నా పరువేం కాను?"

"నీ పరువు కోసం మనుషుల్ని చంపనా? చేతులు నా మాట వినట్లేదురా. చెప్పు ఆవిడకి."

బావమరిది చెప్పాడు. అధికారిణి తాళం తీసుకుంది. బస్సుని ఆవిడే లోపలికి తెచ్చి పెట్టింది. టెస్టుకొచ్చి ఆవరణలో బెంచీ మీద కూర్చున్న ఇంకొకతను తాళం కోసం లేచి నిలబడ్డాడు.

బావమరిది పళ్ళు నూరుకుంటూ ఫోను కలిపి చేతిలో పెట్టాడు. "మా అక్కకి నువ్వే చెప్పుకో."

"బండి ఇచ్చారా?" అని అడిగింది భార్య.

"ఇచ్చారు. నేనే తిరిగిచ్చేశాను." ఏదీ దాచకుండా జరిగిందంతా చెప్పాడు.

"మరిప్పుడేం చేస్తావు?"

"తెలియదు."

ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట అతని నోట ఆమె ఎన్నడూ వినలేదు.

"సరే," అంది. "తెలిసేదాకా అక్కడే ఉండు. తమ్ముడికి నేను చెప్తాలే."

పొద్దుట్నుంచీ బిగబట్టుకున్న ఏడుపు అప్పుడొచ్చింది డ్రైవరుకి. బావమరిది అటు తిరిగి నిలబడి, తర్వాత అతని పెట్టె తీసుకుని ఇంటివైపు నడిచాడు.