చేయి అందని చోటు

చాట ఒడిలో పెట్టుకుని భూమక్క పొద్దున్నే రెండు కట్టల బీడీలు చుట్టేసింది. తునికాకు కత్తిరిస్తూ మధ్యమధ్య మోచేతి మడతలో గీరుకుంటోంది. ఎండలు ముదిరినప్పటి నుంచి అక్కడ చర్మం ఎర్రగా కంది, సన్నటి పొక్కులు లేచాయి. లింగంపేటలో ముప్పై ఏళ్లుగా తంబాకు నలిపిన చేతులవి.

వాడకట్టులోని ఖాజాబీ మనవరాలిని చంకనేసుకుని వచ్చింది. పిల్ల మెడ నిండా చెమటకాయలు. భూమక్క తలెత్తి చూసింది. ఖాజాబీ పలకరింపుగా నవ్వి, ఆమె వాకిలి దాటి, ఎదురింటి ఎంకవ్వ అరుగెక్కింది.

భూమక్క చేతిలో కత్తెర ఆగిపోయింది.

ఎంకవ్వ ఆమెకు తోటికోడలు, పెద్దది. అత్త బతికున్నప్పుడు ఇద్దరినీ చెరో పక్కన కూర్చోబెట్టుకునే ఈ చిట్కా వైద్యాలన్నీ చెప్పింది. అయినా ఊళ్లో ఎవరికి ఒళ్లు దురద పెట్టినా ఎంకవ్వ గడపే తొక్కుతారు. ఆమె చెయ్యి చల్లనిదట.

ఎదురింటి మాటలు వినబడుతూనే ఉన్నాయి. ఎంకవ్వ పిల్లను ఒళ్లో వేసుకుని మెడ మీద తడిబట్ట అద్దుతోంది.

"నూనె రాయకు బిడ్డా, చెమటకాయలకు పడదు. వేపాకు కాచి, నీళ్లు సల్లారినంక పొయ్యి. గోర్లు తియ్యి. చీము పడితే మాత్రం దవాఖానకు తీస్కపో."

ఇందులో తనకు తెలియనిది ఏముందని భూమక్క పళ్లు కొరికింది. పోయిన ఏడు ఇదే ఖాజాబీ తనను అడిగితే, చాట మీది నుంచి తలెత్తకుండానే జవాబిచ్చిన సంగతి మాత్రం గుర్తు చేసుకోదలచలేదు.

మధ్యాహ్నం ఎంకవ్వ చిన్న గిన్నెలో కొబ్బరినూనె పట్టుకుని తానే వచ్చింది.

"గీరకు చెల్లె, పుండయితది. నీయి చెమటకాయలు గావు, తంబాకు పడక కందింది. చెయ్యి ఇటియ్యి, రాస్త."

"నాకు తెల్వదా ఏంది అక్కా? అత్త నాకు గూడ చెప్పింది."

ఎంకవ్వ తలూపి, గిన్నె పట్టుకుని వెళ్లిపోయింది. ఊరు చాలక తన మీద కూడా పెత్తనానికి వచ్చిందని భూమక్క కడుపు మండింది. పట్టుదలగా లేచి వేపమండలు విరుచుకొచ్చి, అందరికీ కనబడేలా వాకిట్లోనే పొయ్యి పెట్టి కాచింది. ఎవరూ ఆగి అడగలేదు.

పొద్దు వాలుతుండగా, పిల్ల హాయిగా నిద్రపోయిందని చెప్పడానికి ఖాజాబీ మళ్లీ వచ్చింది. ఎంకవ్వ అరుగు మీద గోడకు ఒరిగి కళ్లు మూసుకుని ఉంది. రెండుసార్లు పిలిచి, ఖాజాబీ ఇటు తిరిగింది.

"భూమక్కా, అవ్వ పలుకుతలేదు."

తాడ్వాయి నుంచి ఎంకవ్వ కూతురు వచ్చాక, చీరలు అడ్డం కట్టి ఆడవాళ్లు కడసారి స్నానం చేయించారు. పక్కకు ఒరిగించినప్పుడు భూమక్క చేయి ఆ వీపు మీద ఆగిపోయింది. రెండు రెక్కల నడుమ, ఎవరి చేయీ వారికి అందని చోట, చర్మం నల్లగా మొద్దుబారి, పాత గీతలతో బెరడులా ఉంది. ఎంకవ్వ మొగుడు పోయి పన్నెండేళ్లు. ఇన్నేళ్లూ వాకిలికెదురు వాకిలి. నీకెవరు రాస్తారని తను ఒక్కనాడూ అడగలేదు.

భూమక్క ఆ చోటును అరచేత్తో మెల్లగా, చాలాసేపు కడిగింది. ఆలస్యమవుతోందని ఎవరో అన్నా చేయి తీయలేదు.

తర్వాత ఉతికిన చీర కోసం ఎంకవ్వ ఇంట్లోకి వెళ్లింది. మంచం తలాపున గోడకు ఒక వెదురుకర్ర ఆనించి ఉంది. దాని చివర మెత్తటి చీరపేలిక చుట్టి, దారంతో గట్టిగా కట్టి ఉంది. పేలికకు నూనె తడి ఇంకా ఆరలేదు.