పసుపు పూసిన టైర్లు

మగ్గాల పనికని మనవాళ్లు వలసొచ్చిన పాండేసరలో రాజమల్లు టైర్ల దుకాణానికి వచ్చేవన్నీ ఆటోలు, టెంపోలు, గుడ్డ తానులు మోసీ మోసీ నడుము పడిపోయిన చిన్న లారీలు. అలాంటి చోట పొద్దున్నే ఎర్రటి స్పోర్ట్స్ కారు వచ్చి ఆగేసరికి, చాయ్ బండి దగ్గరి జనమంతా గ్లాసులతో సహా లేచొచ్చారు.

కారు నగరంలో ఇంకోవైపున్న వరాఛాలో వజ్రాలు సానబట్టే కార్ఖానా వాళ్ల అబ్బాయి ధవల్‌ది. వెనక చక్రాలకు వెడల్పాటి టైర్లు వేయించాలని అతని ముచ్చట. ఎవరో రాజమల్లు చెయ్యి మంచిదన్నారట, వెతుక్కుంటూ వచ్చాడు. మర్నాడే తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని హైవే మీద ముంబై పోవాలి.

తను పనిచేసే మగ్గాల షెడ్డు మూతపడ్డాక దుకాణం పెట్టుకున్న రాజమల్లుకు ఇలాంటి బండి చేతికి రావడం ఇదే మొదలు. ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేశాడు. రిమ్ములు కొలిచాడు, టైర్లు ఎక్కించాడు, గాలి పట్టాడు. చక్రం చేత్తో తిప్పి, టైరుకూ పైనున్న మడ్‌గార్డు రేకుకూ మధ్య వేలు పెట్టి చూశాడు. వేలు సులువుగానే తిరిగింది. హమ్మయ్య అనుకుని చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లాడు.

తిరిగొచ్చేసరికి భార్య భాగ్యలక్ష్మి కారు వెనక కూర్చుని ఉంది. ఆమె కూడా మగ్గాల షెడ్డులో ఏళ్ల తరబడి పనిచేసిన మనిషే. దసరాకు మగ్గానికి పసుపు పెట్టిన అలవాటు పోక, కొత్త టైరు ఏది వేసినా ఒక బొట్టు పెడుతుంది. ఈసారి బొట్టుతో ఆగలేదు. రెండు టైర్ల అంచుల మీద చుట్టూతా, గడపకు పూసినట్టు, దిట్టంగా పసుపు పూసేసింది. కోట్ల బండి కాస్తా బోనాలకు తయారైనట్టుంది.

"ఏందే గిది? నలుగుట్ల ఇజ్జత్ తీస్తివి గద!" రాజమల్లు గొంతు చాయ్ బండి దాకా వినబడింది.

"తల్లిని ఎక్కించుకొని పోతడంటివి గద. ఇంటికి గడప ఎట్లనో బండికి చక్రం గట్ల. చల్లంగ పోయిరావద్దా?" అందామె. గొంతు మాత్రం చిన్నబోయింది.

ధవల్ నవ్వేసి, "ఉండనివ్వండి రాజుభాయ్" అన్నాడు హిందీలో. రాజమల్లును పక్కన ఎక్కించుకుని సచిన్ అనే ఊరి దాకా ఒక చక్కర్ కొట్టుకొచ్చాడు. స్పీడ్ బ్రేకర్లు దాటారు, గుంతలు దాటారు. ఆ సైలెన్సర్ మోతలో పక్క మనిషి అరిచినా వినబడదు. దిగాక ధవల్ మొహం వెలిగిపోయింది. "ఏక్‌దమ్ మస్త్!" అన్నాడు.

పంపించేముందు ఆ పసుపైనా తుడుద్దామని రాజమల్లు తడిగుడ్డ పట్టుకుని వంగాడు. వంగినవాడు అలాగే ఉండిపోయాడు.

టైరు అంచు మీద పసుపు ఒక వరసగా గీక్కుపోయింది. పైనున్న రేకు లోపలి అంచుకు అదే పసుపు, నల్లటి రబ్బరు పొట్టుతో కలిసి అంటుకుని ఉంది. ఖాళీ బండికి వేలు తిరిగింది నిజమే. ఇద్దరు కూర్చుని గుంతలో పడితే మాత్రం రేకు కిందికి దిగి టైరును గీకుతోంది. ఇదే హైవే మీదైతే? ఆ వేగంలో టైరు కోసుకుపోతే? పక్కన తల్లి. రాజమల్లు తడిగుడ్డ పక్కన పడేసి లేచాడు.

"బండి పోవద్దు" అన్నాడు. ధవల్‌ను పిలిచి చూపించాడు. కుర్రాడి నవ్వు ఆగిపోయింది.

మధ్యాహ్నమంతా రాజమల్లు ఆ రేకు అంచుకు వేడిగాలి పట్టి, రంగు చిట్లకుండా మెల్లమెల్లగా లోపలికి మడిచాడు. అయ్యాక, "భాగ్యా, పసుపు కలుపు. మళ్ల పుయ్యి, గట్లనే, మంచిగ పుయ్యి" అన్నాడు. డిక్కీలో బరువుకని నూలు కట్టలు కుక్కి, ఈసారి గుంతలన్నీ వెతికి మరీ తిప్పారు. తిరిగొచ్చి చూస్తే పసుపు పూసింది పూసినట్టే ఉంది.

ధవల్ భాగ్యలక్ష్మి దగ్గరికొచ్చి రెండు చేతులూ జోడించాడు. "భాభీ, దీన్ని తుడవను. మా అమ్మకు చూపించాలి" అన్నాడు.

రాజమల్లు చాయ్ బండి వైపు తిరిగాడు. "పొద్దుగాల మీ అందరి ముంగట తిట్టిన. మీ ముంగటనే చెప్తున్న. నా వేలికి దొరకంది ఆమె పసుపుకు దొరికింది. ఇయ్యాల నన్ను కాపాడింది మా ఆమెనే" అన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమెకు మెచ్చుకోలు మాట చెప్పడం ఇదే మొదలని అప్పుడు తట్టి, సిగ్గూ వేసింది, గుండె నిండుగానూ అనిపించింది. భాగ్యలక్ష్మి కొంగుతో మొహం తుడుచుకుని, గిన్నె కడుగుతానని నల్లా దగ్గరికి పోబోయింది.

"ఆగు" అని ఆ గిన్నె అందుకున్నాడు రాజమల్లు. అడుగున మిగిలిన పసుపు వేళ్లతో తీసి, తన పాత స్కూటర్ దగ్గర గొంతుకూర్చున్నాడు.

"గా వెనక చక్రానికే పూస్తున్నవేంది?"

"వెనక కూసునేది నువ్వే గద" అన్నాడు రాజమల్లు, తలెత్తకుండానే.