కొత్త వేళ్లు

"నా వేలు ఆ రేషన్ మిషన్‌కు పడదని ఎన్ని తూర్లు చెప్పల్ల నీకు? ముప్పై ఏండ్లు నాపరాళ్లు రుద్దినా. ఇంగ గీతలు యాడుంటాయి?" అంటూ ఖమ్రున్నీసా రెండు చేతులూ కోడలి ముఖం ముందు చాపింది.

"అయితే ఆయన్ను పొమ్మను" అంది దిల్షాద్‌బీ, పొయ్యి ముందు నుంచి లేవకుండా.

"మోకాలు విరిగినోన్ని వరసలో నిలబెడతావా? నువ్వు పోతే ఏం అరిగిపోతావు? పొద్దున్నుంచి ఇదే రాగం తీస్తాండావు."

మంచం మీదున్న దిల్షాద్ మొగుడు రహీం "నన్ను మధ్యలోకి లాగొద్దండి" అని గోడ వైపు తిరిగాడు.

దిల్షాద్ విసురుగా సంచీ తీసుకుని బయటికి నడిచింది. బియ్యం కోసం వరసలో నిలబడడానికి ఆమెకేం నామోషీ లేదు. ఆ మిషన్ గాజు మీద వేలు పెట్టాలంటేనే భయం. కువైట్‌లో పని చేసిన ఇంటివాళ్లు గదిలో వేసి తాళం పెడుతుంటే, ఒకరోజు సందు చూసి పారిపోయింది. కాగితాల్లేకుండా ఎనిమిది నెలలు దాక్కుంది. పట్టుబడ్డాక పది వేళ్ల ముద్రలూ తీసుకుని, మళ్లీ తమ దేశంలో అడుగు పెట్టొద్దని చెప్పి విమానం ఎక్కించారు.

అది తెలిసే, గల్ఫ్‌కు మనుషుల్ని పంపే ఏజెంటు ఖాదర్ ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. వేళ్ల కొసల మీద తోలు కోసి కుట్లు వేస్తే, రెండు నెలల్లో కొత్త తోలు వస్తుందట, కువైట్‌లో పాత ముద్రలతో కలవదట. వేరే పేరుతో పాస్‌పోర్టు తనే పుట్టిస్తాడట. గురువారం, ప్రొద్దుటూరులో ఎవరింట్లోనో కోస్తారట. రహీం సరేనన్నాడు, అత్త సరేనంది. దిల్షాద్ ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. ఈ మధ్యాహ్నం ఖాదర్ ఆమె మాట కోసం వస్తున్నాడు.

రేషన్ షాపు దగ్గర ఆమె ముందు వెనకవీధి ఆసియా నిలబడి ఉంది. ఆరు నెలల కిందట కువైట్ నుంచి తిరిగొచ్చింది. ఒంట్లో బాగాలేక వచ్చేసిందని అందరూ అనుకున్నారు. ఆమె వేలు పెట్టగానే మిషన్ నాలుగుసార్లు కీచుమంది.

"నీ వేలు పడదమ్మా. ఆధార్ సెంటర్‌కు పోయి సరిచేయించుకో అని పోయిన నెలే చెప్తి" అన్నాడు డీలరు.

ఆసియా నవ్వింది. "మిషన్‌కు నేను కొత్త కోడల్ని గదప్పా, ఇంగా ముఖం గుర్తుపట్టలా" అని పక్కకు తప్పుకుంది.

దిల్షాద్ వేలు ఒక్కసారికే పడింది. బియ్యం కట్టించుకుని బయటికొచ్చేసరికి గోడవార ఆసియా నిలబడి ఉంది.

"ఖాదర్ మీ ఇంటికి వస్తాండాడంట?"

దిల్షాద్ తల ఊపింది. ఆసియా రెండు చేతులూ తిప్పి చూపించింది. పది వేళ్ల కొసలూ నున్నగా, మైనం కారి గడ్డకట్టినట్టున్నాయి. మధ్యలో సన్నటి తెల్లటి గాట్లు.

"నేనూ ఇట్లే కోయించుకుంటినక్కా. కువైట్‌లో దిగినాక చేతులు సబ్బుతో కడిగిచ్చినారు. భూతద్దం పెట్టి చూసినారు. నలభై దినాలు ఒక గదిలో పెట్టినారు, దాంట్లో లైటు ఆర్పరు. ఇంటికి ఫోన్ చేద్దామంటే నీ పేరేందని అడుగుతారు. ఏ పేరు చెప్పల్ల, నాదా, పాస్‌పోర్టుదా? ఈడ ఆధార్ సెంటర్‌లో వేళ్లకేమైందని అడిగిరి. పోలీసులకు చెప్తారేమోనని పారిపోయొస్తి. ఇప్పుడు పులివెందులకు చీనీ తోటల్లో కాయలు ఏరను పోతాండా. ఆడ వేళ్లు చూసేవాళ్లు లేరు."

పులివెందులకు బస్సు ఎన్నింటికో అడిగి, దిల్షాద్ ఇంటిదారి పట్టింది. 

ఇంట్లోకి అడుగు పెట్టేసరికి ఖాదర్ కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. ఇంటర్ చదివే కూతురు ఫరహత్ గడపలో నిలబడి అమ్మ ముఖంలోకి చూసింది.

"రా అక్కా. గురువారం తెల్లారే బండి వస్తాది. చీమ కుట్టినంత నొప్పి, అంతే. రహీం అన్న నీ ఫొటోలు గూడా ఇచ్చేసినాడు."

ఆమె మొగుడి వైపు చూసింది. రహీం తల దించుకున్నాడు.

"ఎప్పుడిస్తివి?"

"మొన్న. నువ్వు సరేనంటావనే గదా..."

"సరేనంటాది లేప్పా. ఇంటి సంగతి దానికి తెలీదా?" అంది అత్త.

 ఇప్పుడు నోరు తెరవకపోతే గురువారం బండి వస్తుంది, తను ఎక్కుతుంది. సంచీ కింద పెట్టి, గోడకు ఆనుకుని నిలబడింది.

"నేను వేళ్లు కోయించుకోను" అంది.

గొంతు ఎంత సన్నగా వచ్చిందంటే, ఖాదర్ కప్పు దించి "ఏందీ?" అన్నాడు.

"కువైట్‌కు పోను. నా ఫొటోలు ఈడ పెట్టి పో అన్నా. సోమవారం నుంచి ఆసియాతో పులివెందుల తోటలకు పోతాండా. ఆరు గంటల బస్సు."

ఫరహత్ గడపలోంచి వచ్చి, అమ్మ కింద పెట్టిన బియ్యం సంచీ అందుకుంది.