బాకీ ఉన్న వంతు

గుడి మెట్లు కడిగితే పుణ్యం వస్తుంది. మరుగుదొడ్డి కడిగితే మైల అంటుతుంది. రెండింటికీ కావలసింది ఒక బకెట్టు నీళ్ళు, ఒక చీపురు. మరి తేడా ఎక్కడ పుడుతున్నది? ఈ సందేహం నాకు చాలా ఏళ్ళుగా ఉంది. ఒకసారి మా గుడి అయ్యగారిని అడిగాను. ఆయన నవ్వి, "బుచ్చిరాములూ, సాంచాల చప్పుడుకు నీకు తల తిరుగుతున్నట్టున్నది, జర నూనె పెట్టుకో" అన్నాడు. నూనె పెట్టుకున్నాను. సందేహం పోలేదు.

మా నాయన బతుకుతెరువుకు వచ్చి చేరిన ఈ మరాఠీ ఊళ్ళో, శాంతి నగర్‌లో మార్కండేయ స్వామి గుడి వెనక గల్లీలో మా గది. సోమవారం పొద్దున్నే, కార్ఖానాలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడపడానికి పోకముందు, గుడి మెట్లు కడగడం మా నాయన నుంచి నాకు వచ్చిన సేవ. మా గల్లీలో ఏ ఇంటికీ సొంత సండాసు లేదు. మరుగుదొడ్డిని ఇక్కడ అందరం అట్లాగే అంటాం. రెండు గల్లీల అవతల యమునాబాయి వాళ్ళు ఉండే వరుస గదుల చాల్‌లో ఉన్నదే మాకూ దిక్కు.

యమునాబాయి మరాఠీ మనిషి. నాగావ్‌లో ఒక కార్ఖానాలో నా భార్య రామవ్వ పక్కన కూర్చుని కండెలు చుడుతూ మా తెలుగు నేర్చుకుంది. ఆమె ఇంట్లో బుద్ధుడి పటం, అంబేడ్కర్ పటం ఉంటాయి. వెనకట ఆ సండాసును వాడుకునే ఇళ్ళన్నీ వంతులు వేసుకుని కడిగేవి. మా ఇంటి వంతు మొదటిసారి వచ్చిన ఆదివారం రామవ్వ జ్వరంతో పడుకుని ఉంది, మా హరీశ్ చంటిపిల్లవాడు, నేను అయ్యప్ప మాలలో ఉన్నాను. యమునాబాయి మా వాకిట్లోకి వచ్చి చూసి, "నేను కడుగుత తియ్యి. తర్వాత నా పాళీ నువ్వు కడుగు" అని వెళ్ళిపోయింది. ఆ తర్వాత గుడి వైపు ఇళ్ళవాళ్ళం చందా వేసుకుని మనిషిని పెట్టాం. వంతులు పోయాయి. నేను ఆమెకు బాకీ ఉన్న ఆ ఒక్క వంతు, ఆమె మాటలో పాళీ, మాత్రం మిగిలిపోయింది. ఎప్పుడు ఎదురైనా ఆమె, "బుచ్చిరాములు సేఠ్, నా పాళీ ఎప్పుడిస్తవ్?" అని నవ్వేది. నేనూ నవ్వి తప్పుకునేవాణ్ణి.

మొన్న హోలీకి ముందు గుడి పక్క ఖాళీ జాగాలో కొత్త సండాసు కట్టారు. తెల్ల పలకలు, నల్లాలు, ఆడవాళ్ళకు వేరే దర్వాజా. రంగులు వేశారు. తాళం వేశారు. హోలీ పోయింది, ఎండాకాలం పోయింది, శ్రావణం వచ్చింది. తాళం అట్లాగే ఉంది. నగరసేవక్‌ను, అంటే మా వార్డు కార్పొరేటరును, అడిగితే, గల్లీ వాళ్ళంతా ఒక్క మాట మీదికి రండి, మరునాడే వచ్చి రిబ్బన్ కత్తిరిస్తానన్నాడు. ఒక్క మాట అనే సరుకు మా గల్లీలో దొరకదని ఆయనకు తెలుసు.

రామవ్వకు మోకాళ్ళు అరిగాయి. రెండు గల్లీలు నడవడం, వరుసలో నిలబడడం రోజుకు ఒకసారికి మించి ఆమె వల్ల కాదు. అందుకని నీళ్ళు తాగడం మానేసింది. పొద్దున ఒక గుక్క, మధ్యాహ్నం అన్నంలో ఒక గుక్క. పూజ అయ్యాక నేనిచ్చే తీర్థం మాత్రం కళ్ళకద్దుకుని తాగేది. పోయిన వారం చలిజ్వరం వచ్చింది. సర్కారు దవాఖానాలో డాక్టరమ్మ పరీక్షలు చూసి, నీళ్ళు తాగకపోతే కిడ్నీలు పాడవుతాయని కోప్పడింది. ఎందుకు తాగడం లేదో చెప్పడానికి రామవ్వకు సిగ్గు. నేను చెప్పాను. ఆవిడ చీటీ మీద రాయడం ఆపి నా ముఖం చూసింది.

ఆదివారం గుడి మండపంలో అందరినీ కూర్చోబెట్టాను. తాళం తీయించడం తప్ప వేరే మాట వద్దని ముందే చెప్పాను. చెప్పి ఏం లాభం? మా బావ సిద్ధిరాములు, రామవ్వకు అన్న, ఎర్ర జెండా యూనియన్ మనిషి, మొదలుపెట్టాడు. లోపలికి పోయిన ప్రతిసారీ రెండు రూపాయలు వసూలు చేస్తారట, అది ఆయన ఒప్పుకోడు. పన్నెండు గంటలు సాంచాల మీద నిలబడ్డ మనిషి దీనికి కూడా పైసలు కట్టాలా అని అడిగాడు. తప్పేముంది ఆ మాటలో?

నా కొడుకు హరీశ్ లేచాడు. వాడు ఊరవతల పూర్ణలో గోదాములో పని చేస్తాడు. కాషాయ జెండా యువక్ మండల్‌లో తిరుగుతాడు. ఆ దర్వాజా గుడివైపు ఉంది, అటు తిప్పి కట్టేదాకా తెరవనియ్యమన్నాడు. "అయ్యగారు హారతి ఇస్తుంటే ఎదురుంగ సండాసు దర్వాజా కనబడాల్నా? మనం ఏమనం అనే గదా గిట్ల కట్టిన్రు, నాయినా" అన్నాడు. రోజూ దీపం పెట్టేవాణ్ణి, ఆ మాటకు నా మనసు కూడా కొంచెం వాడివైపే ఒరిగింది. కానీ గోడలు తిప్పి కట్టేలోపు వాళ్ళమ్మ ఏమవుతుంది?

ఆ తర్వాత మా బావ వాణ్ణి సేఠ్‌ల తోక అన్నాడు. వాడు మామను దేవుడు లేని మనిషి అన్నాడు. ఇద్దరూ దేశం దాకా పోయారు. ఎవరెవరి నాయకుడు ఎప్పుడేం చేశాడో అంతా బయటికి వచ్చింది. సండాసు మాట పోయింది.

గోడకు ఆనుకుని నిలబడ్డ దత్తు అప్పుడు నోరు విప్పాడు. దత్తు యమునాబాయి కొడుకు, నీలి జెండా మనిషి.

"అదంతా సరే. కడిగేదెవరు?" అన్నాడు.

జెండాల వాళ్ళిద్దరూ అతనివైపు తిరిగారు.

"మా తాత కడిగిండు, మా నాయన కడిగిండు. తెరిచిన మరునాడు మా చాల్ దిక్కే వస్తరు, నాకు ఎర్కే. పక్కా నౌకరీ ఇచ్చి ఏ కులపోన్నన్నా పెట్టుండ్రి. లేకుంటే వంతులు వెయ్యుండ్రి. రెండూ కాకుంటే తాళమే ఉండనియ్యి." నావైపు తిరిగాడు. "కాకా, మీరు సోమారం సోమారం గుడి మెట్లు కడుగుతరు గదా. ఇది కడుగుతరా?"

హరీశ్ కొట్టడానికి పోయాడు. నలుగురు పట్టుకున్నారు. సభ అయిపోయింది. నాకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. ఒక్కొక్కరి మాట విడిగా వింటే న్యాయమే. అన్నీ కలిస్తే తలుపుకు తాళం.

ఇంటికి వచ్చేసరికి రామవ్వ గోడకు జారగిలబడి ఉంది. మండపం పక్కనే కదా, అంతా వినబడింది.

"అందరూ సక్కగనే మాట్లాడిన్రు" అంది. "మా అన్న సక్కగనే అన్నడు, నీ కొడుకు సక్కగనే అన్నడు. నాకు దూపైతున్నది."

చెంబు అందించాను. పెదవులు తడుపుకుని పక్కన పెట్టేసింది.

మరునాడు సోమవారం. స్నానం చేసి గుడి మెట్లు కడిగాను. దండం పెట్టుకున్నాను. ప్రతి సోమవారం చీపురు గుడి వెనక దాచి ఇంటికి పోయేవాణ్ణి. ఆ రోజు చీపురు, బకెట్టు పట్టుకుని రెండు గల్లీలు దాటి యమునాబాయి చాల్‌కు పోయాను. ఆమె వాకిట్లో బియ్యం ఏరుతోంది.

"నీ పాళీ కడగనీకి వచ్చిన, యమునాబాయీ."

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. చేట కింద పెట్టి లేచింది. "నల్లా అటు దిక్కు ఉన్నది" అంది.

లోపల వాసన కన్నీళ్ళు తెప్పించింది. తువ్వాల ముక్కుకు చుట్టుకున్నాను. నోట్లో స్వామి నామం దానంతటదే ఆడుతోంది. ఇక్కడ అనవచ్చునా అని ఒక క్షణం ఆగాను. ఆగితే పని సాగలేదు. మళ్ళీ మొదలుపెట్టాను. బయట వరుసలో వాళ్ళు గుసగుసలాడుతున్నారు. దత్తు పరుగున వచ్చి గడపలో నిలబడ్డాడు. ముఖం ఎర్రబడి ఉంది. ఇంకో బకెట్టు అందుకోబోయాడు.

"వద్దురా" అంది యమునాబాయి వెనక నుంచి. "ఆయన పాళీ ఆయన్నే చెయ్యనీ."

దత్తు బకెట్టు వదిలేశాడు. "కాకా, నిన్న తాళమే ఉండనియ్యి అన్న మాట నేను వాపస్ తీసుకుంట. వంతులల్ల మొదట నా పేరు రాసుకో. ఇగ మిగిలిన రెండు జెండాలూ మీ ఇంట్లయే" అన్నాడు.

అది నిజమే. సాయంత్రం హరీశ్‌తో, బావతో మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ముందు ఇక్కడ ఇంకో గది మిగిలి ఉంది. కడిగాను.

బయటికి వచ్చేసరికి రామవ్వ కర్ర పట్టుకుని చాల్ ముందుకు వచ్చి ఉంది. నన్ను, నా చేతిలో చీపురును చూసింది. యమునాబాయి ఆమెకు స్టూలు వేసి కూర్చోబెట్టి చెంబెడు నీళ్ళు ఇచ్చింది. సండాసు పది అడుగుల దూరంలో ఉంది. రామవ్వ ఆ చెంబు ఎత్తి గటగటా చివరిదాకా తాగింది. కొంగుతో మూతి తుడుచుకుని, ఇంకో చెంబు అడిగింది.

యమునాబాయి లోపలికి పోయి మూలలన్నీ చూసి వచ్చింది. మగ్గుతో నా చేతుల మీద నీళ్ళు పోసింది.

"అయిపోయింది, బుచ్చిరాములు" అంది. "ఇగ నీకూ నాకూ బాకీ లేదు."