ముక్కు గొట్టం

వార్డులోకి మధ్యాహ్నం భోజనాల బండి వచ్చినా నూకాలు లేవలేదు. ఒక చెయ్యి కూతురి డొక్క మీద వేసి, రెండో చేత్తో ఈగలు తోలుతోంది. మూడు నెలల పిల్లకి న్యుమోనియా. పొద్దున తెచ్చేసరికి ఊపిరి లాగినప్పుడల్లా పక్కటెముకల కింద గుంటలు పడుతున్నాయి. కాల్చిన పసుపుకొమ్ముతో నాయనమ్మ ముసలమ్మ పొట్ట మీద పెట్టిన చురక ఇంకా పచ్చిగానే ఉంది. ఊపిరే అందని పసికందుకి ఆ మంటొకటి. దాన్నే వైద్యమనుకుంటుంది ఆ బెస్తవీధి అంతా.

పొద్దున రాగానే నర్సు గంగాభవాని పిల్ల ముక్కులో ఆక్సిజన్ గొట్టం అమర్చి, గాలి బయటికి పోయే కొసని నీళ్ల సీసాలో ముంచింది. సీసాలో నీళ్లు బుడబుడలాడాయి.

"ఈ గాలి ఒత్తిడికే ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా ఉంటాయమ్మా. బుడగలు ఆగితే నన్ను కేకెయ్యి," అని చెప్పి పక్క మంచం దగ్గరికి వెళ్లింది.

ముసలమ్మకి ఆ గొట్టం చూసిన దగ్గర్నుంచి కాలు నిలవడం లేదు. ఆక్సిజన్ పెట్టించుకుని బతికొచ్చినవాళ్లు వాళ్ల వీధిలో లేరు. కొన ఊపిరితో తీసుకెళ్తే ఎలా బతుకుతారని ఎవరూ అడగలేదు, నిందంతా గొట్టం మోసింది. పైగా ఆసుపత్రిలో పోయిన శవాన్ని వీధిలోకి రానివ్వరు. అటునుంచటే పాతిపెట్టడానికి సముద్రపొడ్డు ఇసకలోకి తీసుకుపోవాలి. మనవరాలికి ఆ గతి పడుతుందని ముసలమ్మ భయం.

"గొట్టమెట్టేసారంటే ఇంకేటుందే? పేణముండగానే ఇంటికి ఒట్టుకెల్లిపోదుం. ఆడు రిచ్చా తెచ్చీసినాడు."

గుమ్మంలో నూకాలు మొగుడు అర్జునరావు తల దించుకుని నిలబడ్డాడు. తల్లి మాట కాదనడం అతనికి చేతకాదు. నూకాలుకి మాత్రం ఏం చేతనవును? చేతనైతే చురక పెట్టనిచ్చేదా?

ముసలమ్మ గొట్టం పట్టుకుని లాగింది. సీసాలో బుడగలు ఆగిపోయాయి. నూకాలు అరచేతి కింద డొక్క లోతుగా గుంటపడింది. పొద్దుట్నుంచి కొంచెం కొంచెంగా పూడుతున్న గుంట అది.

"సిస్టరమ్మా, బేగి రా," అని కేకేసి అత్తని అవతలికి నెట్టేసింది. కాపురానికొచ్చాక అత్త మీద చెయ్యి వెయ్యడం అదే మొదలు.

నర్సు పరుగున వచ్చి గొట్టం సర్దింది. బుడగలు మళ్లీ వచ్చాయి కానీ, ఈలోగా పిల్ల పెదాలకెక్కిన నీలం ఇంకా పోలేదు.

"బతకదే. నా మాటిను," అని ముసలమ్మ ఏడ్చింది.

"బతుకుతాదో బతకదో నాకు తెల్దత్తా. గొట్టం మాత్తరం తియ్యనివ్వను. పిల్లని ఈదిలోకి రానీకపోతే నానూ రాను."

బయట రిక్షావాడు గంట కొట్టాడు. అర్జునరావు తల్లిని చూశాడు, పెళ్లాన్ని చూశాడు. గుమ్మంలోంచి కదల్లేదు.