గెడ్డ దాటిన రేసు బండి

ఉద్దానంలో కారు కొనాలనుకున్నవాడు రంగు చూడడు, కంపెనీ చూడడు. వంగి దాని పొట్ట చూస్తాడు. పొట్టకీ నేలకీ మధ్య కోడిపెట్ట దూరేంత ఖాళీ ఉంటే కొంటాడు, లేకపోతే ఓ దణ్ణం పెట్టి వచ్చేస్తాడు. మన ప్రేమ్‌కుమార్ తెచ్చిన పసుపు బండి కింద కోడిపెట్ట మాట దేవుడెరుగు, దాని గుడ్డు కూడా పట్టదు.

కొన్నాడనడం కూడా తప్పే. చెన్నై దగ్గర రేసు ట్రాకులో పదకొండేళ్లు మెకానిక్‌గా చేశాడతను. అక్కడి యజమాని నడుం నొప్పితో రేసులు మానేస్తూ, నాకంటే నువ్వే దీన్ని బాగా చూసుకున్నావు తీసుకుపో అని తాళాలు చేతిలో పెట్టాడు. నంబరూ కాగితాలూ అన్నీ ఉన్న బండే, రోడ్డు మీద తిరగొచ్చు. కాకపోతే రేసు కోసం బరువు తగ్గించాలని దాన్ని నిలువునా వలిచేశారు. ఏసీ లేదు, వెనక సీటు లేదు, తలుపులకి లోపలి అట్టలు కూడా లేవు. ఉన్నవల్లా రెండు సీట్లు, వాటి వెనక లావుపాటి గొట్టాలు, మనిషిని కదలకుండా బిగించే బెల్టులు. కాశీబుగ్గలో సొంత షెడ్డు పెట్టుకుందామని దాన్ని అలాగే నడుపుకుంటూ అత్తవారి ఊరికి వచ్చేశాడు.

ఆ ఊరు గెడ్డపేట, సముద్రం ఒడ్డున. అక్కడి నోళ్లు ఊరుకుంటాయా?

"ఏట్రా అల్లుడా, దారిలో వానకి తడిసి కుంచించుకుపోనాదేటి?" అన్నాడొకడు.

"నేదు బావా, మిగతా సగం రేపు లారీలో వత్తాదంట," అన్నాడు ఇంకొకడు.

ప్రేమ్‌కుమార్ నవ్వి ఊరుకునేవాడు. అతని భార్య రోజాకి మాత్రం ఒళ్లు మండేది.

అయితే ఆ బండితో నిజంగా అవస్థ పడినవాడు రోజా తండ్రి సింహాచలం. ముప్ఫై ఏళ్లు పడవకి చుక్కాని పట్టిన మనిషి. చుక్కాని పట్టడమంటే నీళ్ల మీద పనే కాదు. పడవని ఇసక మీద నుంచి ఎత్తాలన్నా, నీళ్లలోకి దించాలన్నా, చుక్కాని మనిషి పడవలో కూర్చుని కేక వెయ్యాలి. ఆ కేకకే పది భుజాలూ ఒక్కసారి లేస్తాయి. కేక పడకుండా గెడ్డపేటలో ఎవరూ కర్రలతో పడవనెత్తరు. ఎత్తితే పడవ ఒక పక్కకి ఒరిగి ఎవరి కాలో విరుగుతుందని వాళ్లకి తెలుసు.

రెండేళ్ల కిందట సింహాచలం కిడ్నీలు పోయాయి. ఉద్దానంలో ఇది కొత్త మాట కాదు, ప్రతి వీధిలోనూ ఇద్దరో ముగ్గురో ఉన్నారు. మంగళవారం, గురువారం, శనివారం పలాస వెళ్లి, ఎడమ చేతికి సూదులు గుచ్చించుకుని, నాలుగు గంటలు మిషను పక్కన పడుకోవాలి. సముద్రంలో పుట్టి పెరిగిన మనిషి రోజుకి రెండు గ్లాసుల నీళ్లతో సరిపెట్టుకోవాలి. చుక్కాని సూర్యారావు చేతికి పోయింది. అతను సింహాచలం దగ్గర పని నేర్చుకున్నవాడే, వరసకి మేనల్లుడు.

షేర్ ఆటోలో నలిగిపోతూ తిరుగుతున్న మామని చూసి, ఇక నుంచి నేను తీసుకెళ్తానన్నాడు ప్రేమ్‌కుమార్. దేంట్లో? ఇంకేముంది, ఆ పసుపు బండిలోనే.

మొదటి రోజు వీధి వీధంతా తమాషా చూడ్డానికి వచ్చింది.

"ముందు కూసో మావా. కూసున్నాక కాళ్లు లోపలెట్టు," అన్నాడు అల్లుడు.

"కూసోడానికి సీటేదిరా? నేల మీద కూసున్నట్టున్నాది!"

దిగబడ్డాడు. బెల్టులు బిగించేసరికి భార్య పైడమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "పసిగుంటడిని ఉయ్యాల్లో కట్టినట్టున్నావు," అంది. ఎడమ చేతి మీద ఏదీ ఒత్తకూడదు కదా, అందుకని రోజా తన పాత చీర మడతలు వేసి ఆ పక్క బెల్టుకి మెత్తగా దిండు కుట్టింది. నీలం చీర. సింహాచలం తన పడవ డబ్బుతో కూతురికి కొన్న మొదటి చీర అది. అది గుర్తుపట్టి తల పక్కకి తిప్పుకున్నాడు.

ఇక ఆ ప్రయాణం గురించి ఏం చెప్పమంటారు? దారిలో రూపాయి బిళ్ల పడి ఉంటే, అది బొమ్మో బొరుసో కూడా నడుముకి తెలిసిపోయేది. పలాస చేరేలోపల పదిహేడు స్పీడ్ బ్రేకర్లు. అందులో నాలుగు మరీ ఎత్తు. వాటి దగ్గర ప్రేమ్‌కుమార్ దిగి, సీటు వెనక నుంచి రెండు చెక్కలు తీసి చక్రాల ముందు పరిచి, బండిని వాటి మీంచి పిల్లిలా దాటించి, మళ్లీ దిగి చెక్కలు తెచ్చుకునేవాడు. గంటకి రెండు వందలు పోగలిగిన బండిని జీడితోటల దగ్గర గేదెలు దాటుకుపోయేవి. కాశీబుగ్గ బజారులో జనంలో ఇరుక్కుంటే ఇంజను వేడెక్కిపోయేది, మామా అల్లుళ్లు చెమటతో తడిసిపోయేవారు. పక్కన ఆగిన లారీ కిటికీలోకి కాదు, దాని చక్రంలోకి చూస్తూ కూర్చోవాలి. ఇంటికొచ్చాక దిగడానికి మాత్రం అల్లుడి మెడ పట్టుకుని వేలాడాల్సిందే.

"నొప్పెట్టిందా మావా?" అని రోజూ అడిగేవాడు ప్రేమ్‌కుమార్.

"నేదురా," అని రోజూ అబద్ధం చెప్పేవాడు సింహాచలం.

అబద్ధమని అల్లుడికి తెలుసు. విశాఖలో ఒకాయన ఈ బండి తీసుకుని దానికి బదులు ఎత్తుగా ఉండే పొడుగాటి కారు ఇస్తానంటున్నాడని అతను రోజాతో గుసగుసగా చెప్పడం సింహాచలం విన్నాడు. పదకొండేళ్లు కన్నబిడ్డలా చూసుకున్న బండి. చెప్పేటప్పుడు ఆ పిల్లాడి గొంతు ఎలా ఉందో కూడా విన్నాడు.

ఆ రాత్రే మనసులో ముడి వేసుకున్నాడు. కూతురు నాలుగింటికే లేస్తోంది. పైడమ్మ వారంలో మూడు రోజులు చేపల గంప దించేస్తోంది. అల్లుడి షెడ్డు తెరిచిన రోజులకంటే మూసిన రోజులు ఎక్కువ. ఇప్పుడు బండి కూడానా? ఒకప్పుడు తను కూర్చుంటే పడవ నడిచేది. ఇప్పుడు తను మోయించుకునే సరుకు. చాలు. ఈ శనివారం వెళ్లొచ్చి, ఇక రానని చెప్పేద్దాం. మానేస్తే ఎన్నాళ్లుంటాడో డాక్టరు ఎప్పుడో చెప్పాడు. చెప్పకపోయినా అతనికి తెలుసు, అలా మానేసినవాళ్లని ఇద్దరిని తన భుజం మీదే మోశాడు.

శనివారం పొద్దున్న పైడమ్మతో, "రాత్రి కవ్వ సేపల పులుసు బాగున్నాది," అన్నాడు. ముప్ఫై ఐదేళ్లలో వంట బాగుందని ఎన్నడూ అనని మనిషి. పైడమ్మ అనుమానంగా చూసి, "జొరమేటైనా వచ్చిందా?" అని నుదురు ముట్టి చూసింది. రోజా బెల్టు బిగిస్తుంటే ఆ పిల్ల చెయ్యి ఒక్క క్షణం ఎక్కువసేపు పట్టుకున్నాడు. అంతే.

ఊరు దాటి గెడ్డ దగ్గరికి, అంటే వాగు దగ్గరికి, వచ్చేసరికి రోడ్డు లేదు.

రాత్రి కురిసిన వానకి తూము దగ్గర గండి పడింది. రోడ్డుకి అడ్డంగా ఐదారడుగుల మేర తెగిపోయి, అడుగున బురదనీళ్లు పారుతున్నాయి. గట్టు పక్కగా మనుషులు నడిచి పోతున్నారు, సైకిళ్లు మోసుకుపోతున్నారు. అవతల ఆటోలు లేవు, రోడ్డు తెగిందని తెలిసి ఎవరూ ఇటు రాలేదు. ఏడింటికి మిషను దగ్గర ఉండాలి. ఆరైంది.

సింహాచలానికి ఎందుకో తేలిగ్గా అనిపించింది. సరే, ఆఖరిసారి కూడా అక్కర్లేదన్నమాట.

"ఎనక్కి తిప్పీరా నాయినా," అన్నాడు.

ప్రేమ్‌కుమార్ తిప్పలేదు. దిగి గండి వైపు చూశాడు, బండి వైపు చూశాడు. మళ్లీ గండి వైపు చూశాడు. ఫోను తీశాడు. "సూర్యారావు బావా, యాట నేదు కదా ఇయ్యాల? పడవ కర్రలు, మోకులు అట్టుకుని గెడ్డ కాడికి రండి. పన్నెండు మంది గావాల."

"నీకు మతి పోనాదేట్రా?" అన్నాడు సింహాచలం.

"కారు ఎత్తడం ఎవుడి తరం మావా, అదే మామూలు కారైతే. ఇది వలిచేసిన బండి. నీ పడవ కంటే ఏమంత బరువుండదు."

పావుగంటలో వచ్చారు. అలలు పెద్దవై వేట ఆగిపోవడంతో ఖాళీగా ఉన్న మనుషులు, భుజాల మీద సరుగుడు కర్రలతో పరుగున వచ్చారు. ప్రేమ్‌కుమార్ నేల మీద బోర్లా పడుకుని మోకులు ఎక్కడ తగిలించాలో చూపించాడు. ముందు మూతి కింద వద్దు బావా, విరిగిపోతాది, ఇక్కడ ఇనప దిమ్మ ఉన్నాది ఇక్కడెయ్యండి అని ఒక్కొక్కరినీ బతిమాలుకున్నాడు. కర్రలు భుజాల మీదికి చేరాయి. ఆరుగురు ఇటు, ఆరుగురు అటు.

"ఉండండ్రా, నాను దిగుతాను," అన్నాడు సింహాచలం.

"నువ్వు అందులోంచి దిగీసరికి ఆసుపత్రి మూసేత్తారు. కూసో మావా," అన్నాడు సూర్యారావు.

అందరూ నవ్వారు. నవ్వు ఆగింది. తరవాత ఎవరూ కదల్లేదు. పన్నెండు మందీ కర్రల కింద వంగి అలాగే నిలబడ్డారు.

"ఎత్తండ్రా మరి!" అన్నాడు ప్రేమ్‌కుమార్.

సూర్యారావు వంగి కిటికీలోకి చూశాడు. "మావా, కేకెయ్యి."

"నానేటి? చుక్కాని నీది. నువ్వెయ్యి."

"పడవలో నువ్వు కూసున్నావు. బయటున్నోడు కేకేత్తే ఎవుడెత్తుతాడు? తొరగా ఎయ్యి మావా, భుజాలు నొప్పెడతన్నాయి."

రెండేళ్లయింది ఆ కేక వేసి. గొంతులో ఉందో లేదో అతనికే తెలియదు. బెల్టులు ఛాతీని నొక్కుతున్నాయి. ఎడమ భుజం మీద నీలం చీర మెత్తగా ఉంది. సింహాచలం ఊపిరి పీల్చుకున్నాడు.

"ఓ... హైలెసా!"

మొదటిది బొంగురుగా వచ్చింది. అయినా పన్నెండు గొంతులు "హైలెసా!" అన్నాయి. బండి ఇంత లేచింది. "ముందోడా, నిదానం! ఎడమెయ్యి దింపకు! హైలెసా!" రెండోది బాగా పలికింది. మూడోదానికి తోటల్లో కాకులు లేచిపోయాయి. గండి అడుగున కాళ్లు బురదలో దిగబడుతున్నా బండి ఒరగలేదు. నడుముకి ఒక్క కుదుపు తగల్లేదు. అలలు లేనిచోట పడవ కదిలినట్టు మెల్లగా గండి మీంచి వెళ్లి, అవతలి రోడ్డు మీద చక్రాలు ఆనాయి.

సింహాచలం కళ్లు తుడుచుకోబోతే బెల్టు అడ్డొచ్చి చెయ్యి అందలేదు. ప్రేమ్‌కుమార్ చూసి తన తుండుగుడ్డతో తుడిచాడు.

అక్కణ్నుంచి పలాస దాకా సింహాచలం నోరు మూయలేదు. "ఎదర గొయ్యున్నాది, కుడికి తియ్యి. ఒరే, ఆ మిట్ట ఏటవాలుగా ఎక్కించు, అలకి ఎదురెళ్లినట్టు తిన్నగా ఎల్తావేట్రా?" ఏటవాలుగా ఎక్కిస్తే ఎత్తు మిట్టల్లో రెండింటికి చెక్కలే అక్కర్లేకపోయింది. అల్లుడు నోరెళ్లబెట్టాడు. రేసు ట్రాకులో స్పీడ్ బ్రేకర్లు ఉండవు కదా, అతనికి ఎవరు చెప్తారు? ఏడింటికి ఐదు నిమిషాలుండగా ఆసుపత్రి గుమ్మంలో ఉన్నారు.

మిషను నాలుగు గంటలూ తన పని చేసింది. తిరిగొచ్చేటప్పుడు సింహాచలం పిండేసిన గుడ్డలా ఉన్నాడు. కళ్లు మూసుకుని, ఆ రాత్రి మనసులో వేసుకున్న ముడి గురించి ఆలోచించాడు. చెప్పాలి. గెడ్డ దాటాక చెప్పాలి.

గండి దగ్గర పన్నెండు మందీ జీడిచెట్ల కింద కూర్చునే ఉన్నారు. పొద్దుటి నుంచీ ఎవరూ ఇంటికి వెళ్లలేదు. పైడమ్మ వాళ్లకి అంబలి తెచ్చి పోస్తోంది. బండిని చూడగానే లేచి కర్రలు అందుకున్నారు, వంగారు, ఆగారు.

సింహాచలం నోరు తెరిచాడు. గొంతు రాలేదు. వాళ్లు కదల్లేదు. ఎండలో కర్రలు భుజాల మీద పెట్టుకుని, ఒక్కరూ తొందర పెట్టకుండా, అతని ఊపిరి అతనికి చిక్కేదాకా నిలబడ్డారు. చివరికి గాలికంటే కాస్త గట్టిగా, "హైలెసా," అన్నాడు. చాలు, అది వినబడింది. బండి లేచింది.

ఇవతల దించాక సూర్యారావు చెమట తుడుచుకుంటూ కిటికీ దగ్గర కూర్చున్నాడు. "తూము ఎయ్యడానికి పదిహేను రోజులు పడతాదంట మావా. మంగళారం ఎన్నింటికి రమ్మంటావు?"

సింహాచలం అల్లుడి వైపు చూశాడు. స్టీరింగు మీద వేళ్లు ఆడిస్తూ అతను కూడా జవాబు కోసమే చూస్తున్నాడు. కాస్త దూరంలో పైడమ్మ అంబలి గిన్నె చేత్తో పట్టుకుని ఆగిపోయింది. పొద్దున్న పులుసు బాగుందన్నప్పుడు చూసినట్టే చూస్తోంది.

"మంగళారం యాట ఉంతాది కదరా," అన్నాడు మెల్లగా.

"నిన్ను దాటించాకే ఎల్తాం. చేపలెక్కడికి పోతాయి?"

సింహాచలం ఎడమ భుజం మీది నీలం గుడ్డని కుడి చేత్తో సర్దుకున్నాడు. చాలాసేపు సర్దుకున్నాడు.

"ఐదున్నరకి రండి," అన్నాడు. తరవాత అల్లుడి వైపు తిరిగి, "ఆ విశాపట్నం ఆయనకి ఫోన్ చేసి బండి ఇవ్వనని సెప్పీ. పొడుగు కారైతే ఈళ్లెత్తలేరు," అన్నాడు.